కొకైన్ మందుకి పిల్లల బొమ్మ: పాత ట్రేడ్ కార్డుల మీద అంతమంది పిల్లలు ఎందుకున్నారు

ఇంటర్నెట్‌లో తరచూ తిరిగే పాత యాడ్ కార్డు ఒకటుంది, చాలామంది చూసే ఉంటారు. ఇంటి ముందు ఇద్దరు చిన్నపిల్లలు పుల్లలు పేర్చి బొమ్మరిల్లు కట్టుకుంటుంటారు, పైన పెద్దక్షరాల్లో కొకైన్ టూత్‌ఏక్ డ్రాప్స్ అని, వెంటనే తగ్గిపోతుందని, ధర 15 సెంట్లని రాసి ఉంటుంది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం ఆల్బనీ ఊళ్లో లాయిడ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ చేసిన పంటినొప్పి మందు అది, 1885 మార్చిలో రిజిస్టర్ చేసినట్టు కార్డు మీదే ఉంది. దీన్ని షేర్ చేసేవాళ్లంతా అమ్మో పిల్లలకి కొకైన్ పోసేవాళ్లా అని నోరెళ్లబెట్టిన ఇమోజీ ఒకటి పెట్టి వెళ్లిపోతారు. అందులో తప్పేం లేదు కానీ ఆ టైముకి కొకైన్ అంటే చెడ్డపేరున్న సరుకు కాదు, వియన్నాలో కార్ల్ కోలర్ అనే డాక్టరు కంట్లో కొకైన్ చుక్కలేసి నొప్పి లేకుండా ఆపరేషన్ చెయ్యొచ్చని 1884లో చూపించాడు, అంటే ఈ కార్డు వచ్చేసరికి అది ఆర్నెల్ల కిందటి లేటెస్ట్ సైన్సు.

కార్డులో అసలు వింత వేరే ఉంది. ఆ బొమ్మలో ఎవరికీ పంటినొప్పి లేదు. బుగ్గ వాచి గుడ్డ కట్టుకున్న పిల్లాడు లేడు, మందు సీసా లేదు, చెంచా పట్టుకున్న అమ్మ లేదు. మందు పేరు తీసేసి బిస్కెట్ల పేరో బూట్ల షాపు పేరో వేసినా బొమ్మకి ఇబ్బందేం ఉండదు. ఆ కాలం కార్డులు ఒక వంద తిరగేస్తే ఇదే కనిపిస్తుంది, సబ్బుకీ పిల్లలే, దారానికీ పిల్లలే, పొయ్యి పాలిష్‌కీ పిల్లలే, నల్లమందు కలిపిన దగ్గు మందుకీ పిల్లలే. విక్టోరియన్లకి, అంటే విక్టోరియా రాణి కాలంవాళ్లకి, పిల్లలంటే మహా ముద్దు, చిన్నతనం అంటే ఒక పవిత్రమైన భావం, అందుకే అలా వేసుకున్నారు అని మామూలుగా చెప్తుంటారు. అది కొంతవరకు నిజమే. కానీ ఆ బొమ్మలు ఎవరు అచ్చేశారు, ఎలా పంచారు, తీసుకెళ్లినవాళ్లు వాటిని ఏం చేశారు అని చూస్తే ముద్దు కన్నా వ్యాపారం లెక్కే ఎక్కువ కనిపిస్తుంది.

ట్రేడ్ కార్డంటే షాపువాళ్లు ఫ్రీగా ఇచ్చే అరచేతిలో పట్టేంత అట్టముక్క, ముందు వైపు బొమ్మ, వెనక సరుకు గురించి సోది. లండన్‌లో 1700ల్లోనే ఇవి ఉన్నాయి కానీ అప్పట్లో ఒకే రంగు, షాపు పేరు, దారి గుర్తులు, అంతే. రంగులు రావడానికి క్రోమోలితోగ్రఫీ కావాల్సొచ్చింది. జర్మనీ బవేరియాలో సోల్న్‌హోఫెన్ దగ్గర దొరికే నున్నటి సున్నపురాయి పలక మీద జిడ్డు సిరాతో బొమ్మ గీసి, రాయిని తడిపి, పైన నూనె సిరా రోలర్ నడిపితే గీత ఉన్న చోటే సిరా పట్టుకుంటుంది, తడి ఉన్నచోట పట్టదు, ఇదే సూత్రం. ఒక్కో రంగుకి ఒక్కో రాయి, ఒకే కాగితాన్ని ఒకదాని తర్వాత ఒకటి అన్ని రాళ్ల మీదా అచ్చెయ్యాలి, వెంట్రుకవాసి తేడా వచ్చినా ముక్కు ఒకచోట, దాని నీడ ఇంకోచోట పడుతుంది. ఇలాంటి కార్డుని భూతద్దం కింద పెట్టి ఒక పాప బుగ్గ చూస్తే అదొక చుక్కల ముగ్గు. కింద లేత పసుపు చర్మం రంగు, దాని మీద గులాబీ చుక్కలు, మధ్యలో దగ్గరదగ్గరగా, అంచులకి పోయేకొద్దీ దూరందూరంగా, నీడ పడేచోట నీలమో బూడిదో ఇంకొన్ని చుక్కలు. కళాకారుడు ఒక్కో చుక్కా చేత్తో పెట్టాడు. నున్నగా గుండ్రంగా ఉండే పిల్లల మొహానికి ఈ చుక్కల పని బాగా అతుకుతుంది, ముసలివాళ్ల ముడతల మొహానికి గీతలు కావాలి, నునుపు ఉండదు. అంటే ఆ పుచ్చకాయ బుగ్గల్లో కొంత వాటా ప్రింటింగ్ టెక్నిక్‌ది కూడా.

అమెరికాలో ఈ రంగంలో పెద్ద పేరు బోస్టన్‌లోని లూయీ ప్రాంగ్. బ్రెస్లావులో (ఇప్పుడది పోలండ్‌లో ఉంది) పుట్టి 1850లో అమెరికా వచ్చాడు, 1873 వియన్నా ఎగ్జిబిషన్‌లో పూల బొమ్మలున్న తన బిజినెస్ కార్డులు పంచి అందరి కళ్లలో పడ్డాడు. తర్వాత 1876లో ఫిలడెల్ఫియాలో స్వాతంత్య్రం వచ్చి వందేళ్లయిన సందర్భంగా పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది, దాదాపు కోటి మంది వచ్చారంటారు, ప్రతి స్టాల్ దగ్గరా ఎవరో ఒకరు కార్డు చేతిలో పెట్టేవాళ్లు. అక్కణ్ణించి ఇంక ఆగలేదు, 1880లంతా ఈ కార్డులదే రాజ్యం.

ఇక్కడే స్టాక్ కార్డు అనేదాన్ని అర్థం చేసుకోవాలి, మొత్తం కథకి తాళంచెవి అదే. ప్రింటర్లు ముందే వేల సంఖ్యలో బొమ్మలు అచ్చేసి, కింద కొంచెం ఖాళీ వదిలేసేవాళ్లు. వాళ్ల సేల్స్‌మన్ శాంపిల్ పుస్తకం పట్టుకుని ఊరూరా తిరిగేవాడు. చిన్న ఊళ్లో కిరాణా కొట్టాయన అందులోంచి ఒక పాపా పిల్లికూనా బొమ్మ ఎంచుకుంటే, లోకల్ ప్రెస్సులో ఆ ఖాళీలో ఆయన పేరు నల్ల సిరాతో కొట్టించేవాళ్లు. అదే పాప, అదే పిల్లి, వంద మైళ్ల అవతల ఇంకో ఊళ్లో పళ్ల డాక్టరు కార్డు మీద ఉండేది, మరో ఊళ్లో బూట్ల షాపు కార్డు మీద. ఇప్పుడు ప్రింటర్ వైపు నుంచి ఆలోచిస్తే, ఏ బొమ్మ వేస్తే ఎవడైనా కొంటాడు? పొయ్యి బొమ్మ వేస్తే పొయ్యిలమ్మేవాడే కొంటాడు, అందమైన ఆడమనిషి బొమ్మ వేస్తే సంసారపక్షం షాపులవాళ్లు కొందరు వెనకాడతారు, రాజకీయ నాయకుడి బొమ్మ వేస్తే సగం ఊరికి నచ్చదు. పిల్లలు, పూలు, పిల్లికూనలు, కుక్కపిల్లలు ఎవరికీ అభ్యంతరం లేనివి, ఏ సరుకుకైనా సరిపోతాయి, పాతబడవు. విక్టోరియన్ల హృదయం సంగతి తర్వాత, ముందు ప్రింటర్‌కి మిగిలిపోయిన స్టాకు భయం ఉంది.

మరి తీసుకెళ్లినవాళ్లు? రంగుల బొమ్మ ఇంట్లోకి రావడమే అరుదైన రోజులవి. న్యూస్‌పేపర్లు నలుపు తెలుపే, రంగుల పుస్తకాలు ఖరీదు. ఫ్రీగా రంగుల బొమ్మ ఇస్తామంటే ఎవరు వదులుకుంటారు. ఈ కార్డుల్ని ఆడవాళ్లూ పిల్లలూ, అందులోనూ ఎక్కువగా ఆడపిల్లలు, పోగేసి పిండి జిగురుతో స్క్రాప్‌బుక్కుల్లో అంటించేవాళ్లు. బబుల్‌గమ్‌లో వచ్చే క్రికెటర్ల కార్డుల కోసం మన దగ్గర పిల్లలు ఎలా ఎగబడ్డారో గుర్తున్నవాళ్లకి ఈ పిచ్చి ఏంటో వేరే చెప్పక్కర్లేదు. ఎంత క్రేజు అంటే రచయిత మార్క్ ట్వెయిన్ ముందే జిగురు పూసి ఉండే, తడిపితే చాలు అంటుకునే స్క్రాప్‌బుక్కుకి 1873లో పేటెంట్ తీసుకున్నాడు, అది బాగానే అమ్ముడుపోయింది కూడా. కంపెనీలకి ఈ సంగతి బాగా తెలుసు. కార్డు చెత్తబుట్టలోకి పోకుండా ఏళ్ల తరబడి హాల్లో బల్ల మీద ఉండాలంటే అది ఆ ఇంటి పిల్లకి నచ్చాలి. అమెరికాలో లోవెల్ ఊళ్లోని హోయ్ట్ కంపెనీ తన జర్మన్ కొలోన్ సెంటుని కార్డుల మీదే పట్టించి పంచేది, వాసన పోయినా బొమ్మ ఉంటుంది. ఆర్‌బకిల్ వాళ్ల అరియోసా కాఫీ ప్యాకెట్లో కార్డూ వచ్చేది, పిల్లలకి ఒక పెప్పర్‌మింట్ పుల్లా వచ్చేది, కాఫీ తాగేది పెద్దవాళ్లు, ఏ కాఫీ కొనాలో గోల చేసేది పిల్లలు. పారిస్‌లో బాన్ మార్షే అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ అయితే గురువారం గురువారం పిల్లలకి కార్డులు పంచేది, ఎందుకంటే ఫ్రాన్స్‌లో అప్పుడు బడికి సెలవు గురువారమే. పైగా సీరియల్‌గా, ఈ వారం ఒక బొమ్మ, వచ్చే వారం దాని తర్వాతి బొమ్మ. సెట్టు పూర్తి కావాలంటే అమ్మని మళ్లీ షాపుకి లాక్కెళ్లాల్సిందే కదా. ఇవాళ చిప్స్ ప్యాకెట్లో బొమ్మ పెట్టే మార్కెటింగ్ టీమ్ కొత్తగా కనిపెట్టిందేం లేదు.

కాబట్టి కార్డు మీది పాప ఒక పక్క బొమ్మ, ఇంకో పక్క ఆ కార్డు ఏ ఇంట్లోకి ఎవరి చేతుల మీదుగా వెళ్లాలో చెప్పే అడ్రసు లాంటిది. తన వయసు పిల్ల బొమ్మలో కనిపిస్తే ఆ ఇంటి పిల్ల దాచుకుంటుంది, పిల్ల దాచుకున్నదాన్ని తల్లి చూస్తుంది, తల్లి సబ్బు కొంటుంది.

ఆ బొమ్మల్లో పిల్లలు వేసుకున్న బట్టలు చూస్తే ఇంకో తమాషా. 1880ల కార్డుల్లో చాలామంది పిల్లలు 1880ల బట్టల్లో ఉండరు. నడుము పైకెత్తి కుట్టిన పొడుగు గౌన్లు, అంచులు కుచ్చిళ్లు పెట్టిన టోపీలు, కుర్రాళ్లకి స్మాక్ అనే వదులు చొక్కాలు, ఇవన్నీ అంతకు డెబ్బై ఎనభై ఏళ్ల కిందటి ఫ్యాషన్. దీనికి కారణం కేట్ గ్రీనవే అనే ఇంగ్లిష్ చిత్రకారిణి. 1879లో లండన్‌లో వచ్చిన ఆమె పిల్లల పద్యాల పుస్తకాన్ని ఎడ్మండ్ ఎవాన్స్ అనే ప్రింటర్ ధైర్యం చేసి మొదటి విడతే 20,000 కాపీలు వేశాడు, అన్నీ అయిపోయాయి. ఆవిడ గీసిన లోకంలో ఫ్యాక్టరీ పొగ లేదు, రైలు లేదు, బురద లేదు, పిల్లలు వరసగా నిలబడి తోటలో టీ తాగుతుంటారు, ఎవరూ అల్లరి చెయ్యరు. లండన్‌లో బొగ్గు పొగకి కళ్లు మండుతున్న కాలంలో అది ఎంత హాయిగా అనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. అమెరికా ప్రింటర్లు ఆ పిల్లల్ని అడక్కుండా ఎత్తుకొచ్చి దారానికీ మందులకీ వాడేసుకున్నారు. కేసు వేద్దామన్నా కుదరదు, 1891లో చట్టం మారేదాకా అమెరికా విదేశీయుల కాపీరైట్‌ని గుర్తించేదే కాదు. అంటే ఆ కాలం చిన్నతనానికి అచ్చమైన బొమ్మ అని ఇప్పుడు మనం అనుకునేదాంట్లో పెద్ద ముక్క ఒకావిడ ఊహలోంచి దొంగిలించింది, అదీ ఆవిడే తన కాలం వద్దనుకుని వెనక్కి వెళ్లి ఊహించుకున్నది. పాత ఫోటో చూసినట్టు వీటిని చూసి, అప్పటి పిల్లలు ఇలా ఉండేవాళ్లు అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

మందుల దగ్గరికొచ్చేసరికి ఈ ముద్దు బొమ్మల వెనక వేరే సంగతులు బయటపడతాయి. అప్పట్లో పసిపిల్లలు దక్కడమే గొప్ప. ఇంగ్లండ్-వేల్స్‌లో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 150 మంది దాకా ఏడాది నిండకుండానే పోయేవాళ్లు, అమెరికాలో కొన్ని నగరాల్లో 1900 నాటికి కూడా నూటికి 30 మంది వరకు పోయిన చోట్లున్నాయి. ప్రతి తల్లికీ ఆ భయం ఉంది. మందుల కంపెనీ ఆ భయాన్ని బొమ్మలో ఎక్కడా చూపించదు, చూపించాల్సిన పని లేదు, తల్లి మనసులో అది ఎలాగూ ఉంది. బొమ్మలో చూపించేది దాని విరుగుడు, కొవ్వెక్కిన బుగ్గలు, నిద్రపోతున్న పాప, నవ్వుతున్న అమ్మ. రోగాల లిస్టు, గొంతువాపు, అతిసారం, పళ్లు రావడం, అన్నీ కార్డు వెనక చిన్నక్షరాల్లో.

మిసెస్ విన్స్‌లోస్ సూతింగ్ సిరప్ అన్నిటికన్నా పేరుమోసింది. 1849లో మెయిన్ రాష్ట్రం బాంగోర్‌లో మొదలైంది, పళ్లొచ్చే పిల్లలు ఏడవకుండా పట్టించే మందు. దాని కార్డుల మీద, క్యాలెండర్ల మీద తల్లీబిడ్డల బొమ్మలు, మెత్తటి దిండ్లు, ప్రశాంతంగా ఉండే పడకగది. సీసాలో ఉన్నది నల్లమందు నుంచి తీసే మార్ఫిన్, ఒక ఔన్సు సిరప్‌లో 65 మిల్లీగ్రాములు. టీస్పూన్ పోస్తే పది మిల్లీగ్రాముల పైమాటే, ఇవాళ పెద్దవాళ్లకి ఆపరేషన్ తర్వాత ఇచ్చే డోసు అలా ఉంటుంది, అది పాలు తాగే పిల్లకి, రోజుకి మూడు నాలుగు సార్లు. పాప ఏడుపు ఆపుతుందా అంటే ఆపుతుంది, కొందరు మళ్లీ లేవలేదు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1911లో దాన్ని శిశుహంతకుల లిస్టులో పెట్టింది. ఆ కార్డులో నిద్రపోతున్న పాపని ఈ లెక్క తెలిశాక మళ్లీ చూస్తే బొమ్మలో ఒక్క గీతా మారదు కానీ చూడ్డం కష్టమవుతుంది.

ఇక్కడ అందరినీ ఒకే గాటన కట్టకూడదు. పిచర్స్ క్యాస్టోరియా సునాముఖి ఆకుతో చేసిన విరేచనాల మందు, నల్లమందు లేదన్నదే దాని ప్రచారం, "పిచర్స్ క్యాస్టోరియా కోసం పిల్లలు ఏడుస్తారు" అన్నది దాని ఫేమస్ స్లోగన్. ఒక మందేమో ఏడుపు ఆపుతానని, ఇంకోటేమో నాకోసమే ఏడుస్తారని. పాలల్లో కలిపి పిల్లలకి పట్టే పొడి అమ్మిన మెలిన్స్ ఫుడ్ కంపెనీ తమ సరుకు తాగి పెరిగిన పిల్లల ఫోటోలని తల్లుల నుంచి తెప్పించుకుని వేసేది, అంటే కస్టమర్ రివ్యూ ఫోటోతో సహా అన్నమాట. ఆడవాళ్ల జబ్బులకి మందు అమ్మిన లిడియా పింకమ్ బ్రాండుకి ఆవిడ మొహమే ట్రేడ్‌మార్క్, అయినా ఆవిడ మనవల బొమ్మతోనూ కార్డులొచ్చాయి. ఆ మందులో దాదాపు 18 శాతం ఆల్కహాల్ ఉండేది, దాని గురించి మనవలేం చెప్పలేదు.

దారం కంపెనీల కార్డులు వేరే రకం, వీటిల్లో సరదా ఎక్కువ, డ్రాయింగు కూడా బావుంటుంది. కోట్స్, క్లార్క్, విల్లిమాంటిక్ అని మూడు నాలుగు కంపెనీలు పోటీపడి అచ్చేయించేవి. దారం గట్టిది అని చెప్పాలి, కాబట్టి పిల్లలు దాంతో గాలిపటం ఎగరేస్తారు, చేపలు పడతారు, ఆ కాలంలో సర్కస్‌లో పేరుమోసిన జంబో ఏనుగుని కూడా విల్లిమాంటిక్ దారంతో లాగేశారు. ఇక్కడ పిల్లలకి మొదటిసారి ఒక పని అప్పజెప్పారు, సరుకుని వాడి చూపించే పని. కుట్టు మిషన్ కార్డుల్లో ఏడెనిమిదేళ్ల పిల్ల బొమ్మకి గౌను కుడుతుంటుంది, చిన్నపిల్ల కూడా నడిపేంత తేలిక అని దాని అర్థం.

నిజంగానే చిన్నపిల్లలు నడిపేవాళ్లు, అదే బాధ. 1870 అమెరికా జనాభా లెక్కల్లో 10 నుంచి 15 ఏళ్ల మధ్య పిల్లల్లో పనికెళ్లేవాళ్లు ఏడు లక్షల చిల్లర, 1880కి 11 లక్షలు, 1900కి పదిహేడున్నర లక్షలు. పదేళ్ల లోపువాళ్లని ఆ లెక్కలో అసలు చేర్చలేదు. ట్రేడ్ కార్డులు అచ్చయిన ఆ ముప్పై ఏళ్లే పిల్లల పని పెరుగుతూ పోయిన ముప్పై ఏళ్లు. వీళ్లలో ఎక్కువమంది పొలాల్లోనే ఉన్నా స్పిన్నింగ్ మిల్లుల్లో ఉన్నవాళ్లూ తక్కువేం కాదు, దారంతో నిండిన బాబిన్లు తీసి ఖాళీవి పెట్టడానికి పొట్టిగా, చురుగ్గా ఉండే పిల్లలే కావాలి, చేతులు సన్నగా ఉండాలి. న్యూయార్క్ లడ్లో స్ట్రీట్ ఇరుకు గదుల్లో కుటుంబాలకి కుటుంబాలే కుట్టుపని చేస్తుండగా జాకబ్ రీస్ అనే జర్నలిస్టు 1890 ప్రాంతంలో ఫోటోలు తీశాడు, అందులోనూ పిల్లలున్నారు, గౌను బొమ్మకి కాదు, డజను లెక్కన షాపుకి. దారం కార్డుని డబ్బున్న ఇంటి పిల్ల స్క్రాప్‌బుక్‌లో అంటించుకుంటే, ఆ దారం రీలు తయారైన దారిలో ఎక్కడో దాదాపు అదే వయసు పిల్ల నిలబడి పనిచేసి ఉండొచ్చు. కంపెనీలు కావాలని దాచాయా అంటే అంత కుట్ర అక్కర్లేదు, స్టాక్ బొమ్మల లోకంలో ఫ్యాక్టరీకి మొదట్నించీ చోటు లేదు. కార్డుల్లో పేద పిల్లలు అసలు లేరని కాదు, పేపర్లమ్మే కుర్రాళ్లు, బూట్లు తుడిచే కుర్రాళ్లు కనిపిస్తారు, చొక్కాకి అతుకు ఉంటుంది, బుగ్గలు మాత్రం నిండుగానే ఉంటాయి.

తెల్లపిల్లలకి ఇచ్చిన ఆ పువ్వుల తోట నల్లజాతి పిల్లలకి ఇవ్వలేదు. వాళ్లని కార్డుల మీద ఎక్కువగా నవ్వించడానికే వాడారు. బ్రిటన్‌లో 1884 క్రిస్మస్ సంచికలో గ్రాఫిక్ పత్రిక వేసిన పియర్స్ సబ్బు యాడ్ రెండు బొమ్మలది, మొదటి దాంట్లో నల్లపిల్లాడు తొట్టిలో కూర్చుంటే తెల్లపిల్లాడు స్నానం చేయిస్తుంటాడు, రెండో దాంట్లో మెడ దాకా ఒళ్లంతా తెల్లబడిపోయి మొహం ఒక్కటే నల్లగా మిగిలి ఉంటుంది, తెల్లపిల్లాడు అద్దం చూపిస్తుంటాడు. అమెరికాలో ఎన్.కె. ఫెయిర్‌బ్యాంక్ కంపెనీ ఫెయిరీ సోప్ యాడ్‌లో తెల్ల పాప నల్ల పాపని మీ అమ్మ నీకు ఫెయిరీ సోప్‌తో ఎందుకు స్నానం చేయించదు అని అడుగుతుంది. ఇదే కంపెనీ గోల్డ్ డస్ట్ అనే వాషింగ్ పౌడర్‌కి ఇద్దరు నల్లజాతి కవల పిల్లల్ని గుర్తుగా పెట్టుకుంది, మీ పని ఈ కవలలకి వదిలెయ్యండి అన్నది దాని ప్రచారం. బానిసత్వం పోయి ముప్పై ఏళ్లు కాలేదు, మళ్లీ ఇంటిపనికి నల్లపిల్లలే, ఈసారి డబ్బా మీద. ఇందులో మురికిని, రంగుని కలిపేసిన పద్ధతి చూస్తే మన ఫెయిర్‌నెస్ క్రీముల యాడ్లు గుర్తురాక మానవు. పెద్దవాళ్లతో ఇదే మాట అనిపిస్తే ఎవరైనా తిట్టు అని పట్టుకుంటారు, పిల్లల నోట పెట్టేసరికి అమాయకత్వం అయిపోయింది, ఈ కార్డుల్లో అన్నిటికన్నా చెడ్డ ఉపయోగం అదే.

పియర్స్ అంటే ఎక్కువమందికి తెలిసింది ఇంకో బొమ్మ, ఆకుపచ్చ వెల్వెట్ బట్టల్లో సబ్బు బుడగ వైపు తలెత్తి చూసే పిల్లాడు. జాన్ ఎవరెట్ మిలే అనే పెద్ద చిత్రకారుడు 1886లో తన మనవణ్ణి కూర్చోబెట్టి వేసిన పెయింటింగ్, బుడగలాంటి బతుకు ఎప్పుడు చిట్లిపోతుందో తెలియదన్నది ఆయన భావం. ఒక పత్రిక యజమాని కొని, హక్కులతో సహా పియర్స్ మేనేజర్ థామస్ బ్యారట్‌కి 2,200 పౌన్లకి అమ్మేశాడు. బ్యారట్ కింద ఒక సబ్బు ముక్క వేయించాడు, అంతే, బతుకు మీద వేదాంతం కాస్తా స్నానం సబ్బు యాడ్ అయిపోయింది. ఆ పిల్లాడు పెరిగి రాయల్ నేవీలో అడ్మిరల్ అయ్యాడు, సర్ విలియం జేమ్స్, యుద్ధనౌకల మీద కూడా ఆయన నిక్‌నేమ్ బబుల్స్. అయినా ఆయనకి పేరన్నా మిగిలింది, స్టాక్ కార్డుల మీద కొన్ని వేల మొహాల్లో ఎవరు గీశారో కూడా తెలియనివే ఎక్కువ.

ఆ కాలం నుంచి మన ఇళ్ల దాకా నడిచొచ్చిన పసిబిడ్డ బొమ్మ ఒకటుంది, వుడ్‌వర్డ్స్ గ్రైప్ వాటర్. నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ అనే మందుల షాపాయన 1851లో మొదలుపెట్టాడు, 1876లో ట్రేడ్‌మార్క్ తీసుకున్నాడు, గ్రీకుల కథలో ఉయ్యాల్లో ఉండగానే రెండు పాముల్ని పీక నొక్కి చంపిన బాల హెర్క్యులిస్ దాని గుర్తు. పాత ఫార్ములాలో 3.6 శాతం ఆల్కహాల్ కూడా ఉండేది. పాముని పట్టుకున్న చంటిపిల్లాడిని చూసి మన దేశంలో ఎవరికీ హెర్క్యులిస్ గుర్తురాడు కదా, కాళీయుడి మీదెక్కిన కృష్ణుడే గుర్తొస్తాడు, అనువాదం అక్కర్లేకుండానే పనైపోయింది. తర్వాత టీవీ యాడ్లో ఏడ్చే పాపకి ఏం పట్టాలో అమ్మకి అమ్మమ్మ చెప్పడం కూడా పాత కార్డుల దారే, పాప ఏడుపు, తల్లి కంగారు, పెద్దావిడ భరోసా.

1890లు వచ్చేసరికి కార్డుల జోరు తగ్గింది. అమెరికాలో పత్రికల పోస్టేజీ 1885లో పౌను బరువుకి ఒక సెంటుకి దిగింది, 1893లో మన్సీస్ మ్యాగజైన్ ధర పది సెంట్లకి తగ్గించింది, యాడ్ డబ్బులతో పత్రిక నడపొచ్చని తేలాక కంపెనీలు అటు మళ్లాయి, రంగుల బొమ్మలు మ్యాగజైన్లలోనే రావడం మొదలయ్యాక అట్టముక్కకి విలువ పోయింది. 1892లో లేడీస్ హోమ్ జర్నల్ పేటెంట్ మందుల, అంటే ఇలా సొంత పేర్లతో అమ్మే రెడీమేడ్ మందుల, యాడ్లు తీసుకోవడం మానేసింది, అమెరికాలో 1906లో వచ్చిన ఆహారం, మందుల చట్టంతో సీసా మీద మార్ఫిన్ ఉందని రాయక తప్పలేదు, విన్స్‌లో సిరప్ తర్వాత మార్ఫిన్ తీసేసి కొన్నాళ్లు బతికింది, బ్రిటన్‌లో 1930 దాకా అమ్మారు. పిల్లలు మాత్రం ఎక్కడికీ పోలేదు, 1904లో క్యాంప్‌బెల్ సూప్ వాళ్లు తమకంటూ ఇద్దరు గుండ్రటి పిల్లల్ని గీయించుకున్నారు. తేడా ఏంటంటే పాత స్టాక్ పాప ఏ షాపుకైనా పనిచేసేది, వీళ్లు ఒకే బ్రాండుకి సొంతం.

ఇంత చెప్పాక ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వారి వార్షా కలెక్షన్, ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీలో జాన్ జాన్సన్ కలెక్షన్ లాంటి చోట్ల ఇప్పుడు ఇవి చూడొచ్చు, ప్రైవేటు కలెక్టర్ల దగ్గరా బోలెడున్నాయి. ఇవన్నీ ఎలా మిగిలాయి? చాలావరకు ఎవరో ఒక పిల్ల నచ్చి అంటించుకోబట్టి. అందుకే పాత కార్డుల్లో చాలావాటికి వెనక జిగురు మరకలు, చిరిగిన కాగితం పొరలు ఉంటాయి, వెనక శుభ్రంగా ఉన్న కార్డుకి మార్కెట్లో రేటెక్కువ. హార్డ్‌వేర్ షాపు పంచిన మేకుల బొమ్మ కార్డునీ ఎరువుల కంపెనీ కార్డునీ ఏ పిల్లా దాచుకుని ఉండదు, అవి ఎప్పుడో పొయ్యిలోకి పోయి ఉంటాయి. కాబట్టి ఇవాళ కలెక్షన్లలో పిల్లల బొమ్మల వాటా ఎంత కనిపిస్తోందో అప్పుడు అచ్చయినవాటిలోనూ అంతే ఉండేదని లెక్కగట్టడం కుదరదు, అందులో కంపెనీల ఎంపిక ఎంత ఉందో స్క్రాప్‌బుక్ పెట్టుకున్న పిల్లల ఎంపికా అంత ఉంది.